చంబల్ లోయకు వెళ్లిన మధ్యవర్తి

1971 అక్టోబర్‌లో పాట్నా నగరం కదంకువా ప్రాంతంలోని ఒక ఇంటికి ఒక మనిషి వచ్చాడు. తన పేరు రాంసింగ్ అని, అడవి కాంట్రాక్టులు చేసుకుంటానని చెప్పాడు. చంబల్ లోయలోని బందిపోట్లు ఆయుధాలు దించడానికి సిద్ధంగా ఉన్నారనీ, వాళ్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడాలనీ ఆ ఇంటి పెద్దాయనను బతిమాలాడు. పెద్దాయనకు 69 ఏళ్లు. ఒంట్లో ఏమీ బాగుండడం లేదు. ఇది తన వల్ల అయ్యే పని కాదని తప్పుకోబోయారు. అప్పుడు ఆ మనిషి అసలు సంగతి బయటపెట్టాడు. తాను కాంట్రాక్టరు కాదు, మాధోసింగ్‌ని.

మాధోసింగ్ ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడు. తరువాత చంబల్‌లో పేరు మోసిన ముఠా నాయకుడయ్యాడు. పట్టించినవాళ్లకు లక్ష రూపాయలకు పైగా బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించిన మనిషి. అలాంటివాడు ఒంటరిగా రైలెక్కి వచ్చి, పోలీసులకు ఒక్క కబురు పంపితే చాలు ప్రాణం పోతుందని తెలిసీ ఆ గదిలో కూర్చున్నాడు. పెద్దాయన కబురు పంపలేదు. అలాగని అతణ్ణి తన ఇంట్లో దాచి కాపాడతాననీ అనలేదు. ఆ రెండూ కాని మూడో దారి ఒకటి ఉంది. ఆ తరువాత ఆరు నెలలు ఆయన ఆ దారి వేయడంలోనే గడిపారు.

ఆయన జయప్రకాశ్ నారాయణ్. ఆ పేరు వినగానే మన తెలుగువాళ్లకు లోక్‌సత్తా స్థాపించిన జేపీ గారు గుర్తుకొస్తారు. ఇది వారి సంగతి కాదు, బీహారు జేపీ సంగతి. ఆయన గురించి కూడా మనలో చాలామందికి తెలిసింది ఎమర్జెన్సీ వరకే. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా సంఘ పెద్దలు, పాస్టర్లు ఈ జీవితం తెలుసుకోవడం మంచిదని నా ఉద్దేశం. మధ్యవర్తి అనే మాట మన వేదికల మీద వినిపించినంతగా మరెక్కడా వినిపించదు. కానీ వేదిక దిగి ఊళ్లోకి వచ్చేసరికి ఆ మాటకు అర్థం మారిపోతుంది. కూలివాడి కాలు విరగ్గొట్టినా, పేదింటి పిల్లకు అన్యాయం జరిగినా, నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తం తేలుస్తారు. కేసు వెనక్కి తీసుకుంటారు. దానికి రాజీ అని పేరు. ఆ నలుగురిలో ఒకరు మన సంఘపు పెద్దే అయిన ఊళ్లూ ఉన్నాయి. జేపీ చేసిన మధ్యవర్తిత్వం అది కాదు. అది ఏమిటో తెలియాలంటే ఆయన బతుకును కాస్త వెనకనుంచి చూడాలి.

1902 అక్టోబర్ 11న గంగ, ఘాఘరా నదులు కలిసే చోట ఉన్న సితాబ్‌దియారా అనే పల్లెలో పుట్టారు. 1920లో ప్రభావతితో పెళ్లయింది. 1922లో చదువు కోసం అమెరికా వెళ్లి, ద్రాక్షతోటల్లో కూలిపని చేసి, హోటళ్లలో గిన్నెలు కడిగి, ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారుతూ సమాజశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు. 1929లో తిరిగి వచ్చేనాటికి పక్కా మార్క్సిస్టు. ఆ ఏళ్లలో ప్రభావతి గాంధీగారి ఆశ్రమంలో ఉన్నారు. భర్త ఒక దారి, భార్య ఒక దారి. అయినా ఆ కాపురం చెదరలేదు. చివరికి భర్తే భార్య నడిచిన దారికి దగ్గరగా వచ్చారు.

క్విట్ ఇండియా రోజుల్లో ఆయన హజారీబాగ్ జైల్లో ఉన్నారు. 1942 నవంబర్ 9, దీపావళి రాత్రి. కావలివాళ్లు పండుగ సందడిలో ఉండగా, ధోవతులు ముడివేసి తాడుగా చేసుకుని, మరో ఐదుగురితో కలిసి జైలు గోడ దూకారు. నేపాల్ సరిహద్దుకు చేరి, బ్రిటిషువారి మీద పోరాడడానికి గెరిల్లా దళాన్ని తయారు చేశారు. ప్రభుత్వం ఆయన్ను పట్టిచ్చినవాళ్లకు బహుమతి ప్రకటించింది. 1943 సెప్టెంబర్‌లో పంజాబ్‌లో రైల్లో ప్రయాణిస్తుండగా దొరికిపోయారు. లాహోరు కోటలో రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ప్రశ్నించారు. 1946 ఏప్రిల్‌లో గాని విడుదల కాలేదు.

పాట్నా గదిలో మాధోసింగ్‌కు ఎదురుగా కూర్చున్నది ఇలాంటి మనిషి. తలకు వెల కట్టించుకుని తిరగడం, తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడడం, పోలీసు కొట్టడిలో రాత్రంతా మేలుకోవడం ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయాలు కావు. ఒకరు దేశం కోసం, మరొకరు దోపిడీ కోసం. ఆ తేడాను చెరిపేయకూడదు. కానీ లొంగిపోతే పోలీసులు ఏం చేస్తారో అన్న భయం ఎలాంటిదో ఆయనకు తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన మంత్రి పదవుల వైపు వెళ్లలేదు. 1951 ఏప్రిల్ 18న మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదాన ఉద్యమం మొదలైంది. తెలంగాణ నేలలో మొలిచిన ఆ ఉద్యమమే జేపీని రాజకీయ పార్టీల నుంచి బయటకు లాగింది. 1954లో బోధ్‌గయలో తన జీవితాన్నే ఆ పనికి దానంగా ప్రకటించారు. భూదానం ఎంతవరకు ఫలించిందన్నది వేరే చర్చ. రాళ్లూ రప్పలూ దానమిచ్చి పేరు కొట్టేసిన భూస్వాములు లేకపోలేదు. అయితే ఆ పాదయాత్రలు జేపీకి ఒక అలవాటు నేర్పాయి. గొడవ ఎక్కడుందో అక్కడికే వెళ్లి, అక్కడే పడుకుని, ఇరుపక్షాల మాటా వినడం.

మధ్యవర్తిగా ఆయనకు మొదటి పెద్ద పరీక్ష మన క్రైస్తవ సంఘాల వల్లే వచ్చింది. ఈ సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలిసి ఉండదు. నాగా కొండల్లో సైన్యానికీ సాయుధ నాగాలకూ మధ్య ఏళ్ల తరబడి నెత్తురు పారుతున్నప్పుడు, 1964లో నాగాలాండ్ బాప్టిస్టు సంఘాల కౌన్సిల్ శాంతి మిషన్ ఒకటి కావాలని ముందుకొచ్చింది. ఆ మిషన్‌లో ముగ్గురు కూర్చున్నారు. అస్సాం ముఖ్యమంత్రి బిమలా ప్రసాద్ చాలిహా, ఆంగ్లికన్ పాదిరి మైఖేల్ స్కాట్, జయప్రకాశ్ నారాయణ్. ఆ ఏడు సెప్టెంబర్ 6న కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. సంతలు నడిచాయి, పొలం పనులు సాగాయి. తుది ఒప్పందం మాత్రం కుదరలేదు. 1966లో మిషన్ ముగిసిపోయింది. ఇరువైపులా అనుమానాలు, ఢిల్లీలో ఆయన్ను దేశద్రోహి అన్నవాళ్లు కూడా ఉన్నారు. మధ్యవర్తి ముందుగా పోగొట్టుకునేది తన మంచిపేరునే.

ఇక 1970. బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా ముసహరీ ప్రాంతంలో నక్సలైట్లు సర్వోదయ కార్యకర్తలను చంపుతామని బెదిరించారు. జేపీ తన పనులన్నీ ఆపుకుని ఆ పల్లెలకే వెళ్లి మకాం వేశారు. ఇల్లిల్లూ తిరిగాక ఆయనకు కనిపించింది ఇది. భూపరిమితి చట్టం ఉంది, అమలు కాలేదు. కనీస వేతనం చట్టం ఉంది, కూలివాడి చేతికి అందలేదు. ఇంటి స్థలం పట్టా కాగితం మీదే ఉంది. హింసకు ఆయన ఎప్పుడూ వంతపాడలేదు. కానీ దాన్ని మొలిపించింది చట్టాన్ని తొక్కిపెట్టిన పెద్దమనుషులేనని, వాళ్లు చేసే నేరాలు స్టేషన్లలో నమోదు కావని పేర్లు పెట్టి మరీ రాశారు. నా మట్టుకు చంబల్‌లో ఆయన చేసిన పనికి పాఠశాల నాగాలాండ్ కంటే ముసహరీయే.

చంబల్ సంగతి చెప్పాలి. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలు కలిసే చోట నది వెంబడి వానలకు మన్ను కోసుకుపోయి లోతైన గండ్లు ఏర్పడ్డాయి. ఒక గండిలో దిగినవాడు ఎక్కడ తేలతాడో చెప్పలేం. ఒక రాష్ట్రం పోలీసులు తరిమితే మరో రాష్ట్రంలోకి జారుకోవచ్చు. పొలం గట్టు తగాదాతోనో, కులం పరువుతోనో, తీర్పు తేలని కేసుతోనో ఒకడు హత్య చేసి ఆ గండ్లలోకి పారిపోతాడు. వాళ్లు తమను దొంగలనుకోరు, బాగీలం అంటారు. తిరుగుబాటుదారులమని అర్థం. అయితే పగతో మొదలైనది పగతో ఆగదు. తిండి కావాలి, తుపాకి కావాలి, తూటా కావాలి. అందుకు దోపిడీ, మనిషిని ఎత్తుకుపోయి డబ్బు గుంజడం. తూటాలు ఎక్కువ ధరకు అమ్మేవాడు, కబుర్లు మోసేవాడు, కిడ్నాపు బేరం కుదిర్చి తన వాటా తీసుకునేవాడు, ఎన్నికల్లో ముఠా అండ కోరేవాడు, వీళ్లంతా ఊళ్లలో తెల్లబట్టలతో ఉండేవాళ్లే. వ్యవస్థీకృత నేరం అంటే గండిలో తుపాకి పట్టుకున్నవాడొక్కడే కాదు. ఇక మామూలు రైతు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అన్నం పెట్టలేదని ముఠా కొడుతుంది, పెట్టాడని పోలీసులు కొడతారు.

ఎన్‌కౌంటర్లతో అది తగ్గలేదు. పేరుమోసిన మాన్‌సింగ్‌ను 1955లో కాల్చి చంపినా అతని ముఠా నిలిచే ఉంది. అతని కొడుకు తహసీల్దార్ సింగ్ ఉరిశిక్ష పడి జైల్లో ఉండగా, వినోబా ఒక్కసారి లోయకు రావాలని ఉత్తరం రాశాడు. 1960 మేలో వినోబా ఆ పల్లెల గుండా నడిచారు. 20 మంది ఆయన ముందు ఆయుధాలు పెట్టారు. దేశం ఆశ్చర్యపోయింది. కానీ చిక్కు అక్కడే మొదలైంది. ప్రభుత్వాలతో ముందుగా ఏ ఒప్పందమూ లేదు. మూడు రాష్ట్రాల కేసులు, మూడు రాష్ట్రాల పోలీసులు. లొంగినవాళ్లు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. మధ్యప్రదేశ్ పోలీసు అధిపతి కె.ఎఫ్. రుస్తంజీ ఈ పద్ధతిని గట్టిగా విమర్శించారు. బందిపోట్లను వీరులను చేసి చూపిస్తే, వాళ్లతో పోరాడి చచ్చిపోయిన కానిస్టేబుళ్ల సంగతేమిటన్నది ఆయన బాధ. అది తోసిపారేయవలసిన మాట కాదు.

మాధోసింగ్ మనుషులు ఈసారి కూడా మొదట వినోబానే ఆశ్రయించారు. ఆయన అప్పటికి పౌనార్ ఆశ్రమం విడిచి కదలడం మానేశారు. జేపీ దగ్గరికి వెళ్లమన్నారు. అలా ఆ అడవి కాంట్రాక్టరు కదంకువా ఇంటికి వచ్చాడు.

1960లో జరిగిన లోపం జేపీకి బాగా తెలుసు. అందుకే ఆయన ముందు లోయకు వెళ్లలేదు. ముందు ఢిల్లీతోనూ, ఆపై మూడు రాష్ట్రాల ప్రభుత్వాలతోనూ మాట్లాడారు. ఆ ఒప్పందంలో క్షమాభిక్ష లేదు. ప్రతివాడూ కోర్టు ముందు నిలబడాలి. చేసిన నేరానికి శిక్ష పడాలి. దానికి బదులుగా ఆయన ప్రభుత్వాల నుంచి కోరినవి కొన్నే. ఎవరినీ ఉరితీయకూడదు, కస్టడీలో చిత్రహింస పెట్టకూడదు, కేసులు త్వరగా తేల్చాలి, శిక్షాకాలంలో మనిషిగా మారే వీలు ఉండాలి, ఇంటిదగ్గర భార్యాబిడ్డలు దిక్కులేనివాళ్లు కాకూడదు. ఆలోచించి చూస్తే వీటిలో సగం చట్టం ఎలాగూ ఇవ్వవలసినవే. చట్టం తన మాట తాను నిలబెట్టుకుంటుందని హామీ ఇవ్వడానికి ఒక ముసలాయన మధ్యలో నిలబడవలసి వచ్చింది.

తరువాత గండ్లలోకి కబురు వెళ్లాలి. పోలీసు వెళితే కాల్పులు, అధికారి వెళితే అనుమానం. మహావీర్ సింగ్, హేమదేవ్ శర్మ వంటి సర్వోదయ కార్యకర్తలు వెళ్లారు. వాళ్లకు తోడుగా 1960లో వినోబా ముందు లొంగిపోయిన లోక్‌మన్ దీక్షిత్, ఉరి తప్పించుకున్న తహసీల్దార్ సింగ్ కూడా పనిచేశారు. తుపాకి దించినవాడు వచ్చి దించమని చెబితే ఆ మాటకు ఉండే బరువు వేరు. ఖైదీల మధ్య పరిచర్య చేసే మన సహోదరులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

జౌరా పట్టణానికి దగ్గర్లోని పగారా అనే చోటును శాంతి ప్రాంతంగా ఏర్పాటు చేశారు. అక్కడికి పోలీసులు రారు. ముఠాలు ఒక్కొక్కటే గండ్లలోంచి బయటికి వచ్చి అక్కడ చేరాయి. బైబిలు చదివే మనకు ఆశ్రయపురాలు గుర్తుకొస్తాయి. ఆ పట్టణాలు విచారణ తప్పించుకోవడానికి కట్టినవి కావు. చేతికి నెత్తురంటినవాణ్ణి సమాజం ఎదుట విచారణకు నిలిపేదాకా, పగవాడి కత్తి నుంచి కాపాడడానికి ఏర్పరచినవి. పగారాలో జరిగింది దాదాపు అదే. అక్కడ జేపీ వాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఒకరినొకరు నమ్మని ముఠాలు, పాత పగలున్న ముఠాలు పక్కపక్కనే గుడారాలు వేసుకున్నాయి.

1972 ఏప్రిల్ 14. జౌరాలో ఎస్.ఎన్. సుబ్బారావు నెలకొల్పిన మహాత్మాగాంధీ సేవాశ్రమం. గాంధీ పటం ముందు, జేపీ, ప్రభావతి ఉండగా, లోయలో అందరికంటే పెద్ద ముఠా నడిపిన మొహర్ సింగ్ తన తుపాకి కింద పెట్టాడు. అతని వెనక మిగిలినవాళ్లు. మాధోసింగ్ కూడా తన మాట ప్రకారం ముఠాతో వచ్చి చేరాడు. తూటాల పట్టీలు, రైఫిళ్లు వేదిక మీద కుప్పపడ్డాయి. చుట్టూ వేల మంది జనం. తమ ఊరి మనిషిని ఎత్తుకుపోయినవాణ్ణి తొలిసారి పగటివెలుగులో చూసినవాళ్లు కూడా ఆ జనంలో ఉండి ఉంటారు. ఆ రోజుతో మొదలై, తరువాతి వారాల్లో లొంగిపోయినవాళ్ల సంఖ్య వందల్లోకి చేరింది. అక్కడినుంచి వాళ్లు వెళ్లింది ఇళ్లకు కాదు, జైలుకు. కేసులు నడిచాయి, యావజ్జీవ శిక్షలు పడ్డాయి. మధ్యప్రదేశ్‌లోని ముంగావలిలో 1973లో తెరిచిన ఓపెన్ జైల్లో కొందరు వ్యవసాయం చేస్తూ శిక్ష ముగించుకున్నారు. మొహర్ సింగ్ బయటికి వచ్చాక మెహగావ్ నగర పంచాయతీకి అధ్యక్షుడిగా కూడా ఎన్నికయ్యాడు. 2020లో ముసలితనంతో పోయాడు.

రుస్తంజీ అడిగిన ప్రశ్న మాత్రం 1972లోనూ పోలేదు. పత్రికలు మీసాలు మెలేసిన బందిపోట్ల ఫొటోలే వేశాయి. వాళ్ల చేతుల్లో చచ్చినవాడి భార్య ఫొటో ఎవరు వేశారు? దోషికి భూమి, పిల్లలకు చదువు అన్నప్పుడు, చనిపోయినవాడి పిల్లల మాట అంతే గట్టిగా వినపడాలి కదా. తుపాకి దించిన మనిషి గాంధీ పటానికి మొక్కడం సులభం, తాను నాశనం చేసిన ఇంటి గడప ముందు నిలబడడం కష్టం. ఆ రెండో పని మీద దేశం పెద్దగా దృష్టి పెట్టలేదని నా అభిప్రాయం. పైగా తూటాలు అమ్మినవాళ్లు, వాటాలు తిన్నవాళ్లు ఏ వేదిక మీదికీ వచ్చి ఏమీ కింద పెట్టలేదు. లోయ కూడా పూర్తిగా నిమ్మళించలేదు. పదేళ్లు తిరగకుండా కొత్త ముఠాలు పుట్టాయి. 1982లో మల్ఖాన్ సింగ్, 1983లో ఫూలన్ దేవి లొంగిపోయే నాటికి మళ్లీ అవే షరతులు, అదే బేరం.

అయినా 1972 వేసిన దారి నిలిచింది. ఫూలన్ దేవి లొంగుబాటు వేదిక మీద కూడా గాంధీ పటం ఉంది. 2004లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్లను చర్చలకు కూర్చోబెట్టడానికి ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పౌరులు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. వారు పడిన శ్రమ కూడా ఈ కోవకు చెందినదే. ఆ చర్చలు నిలవలేదు, శంకరన్ గారి గౌరవం మాత్రం ఇరుపక్షాల్లోనూ తగ్గలేదు.

జౌరా తరువాత ఏడాదికి, 1973 ఏప్రిల్‌లో, ప్రభావతి క్యాన్సర్‌తో చనిపోయారు. జేపీ ఒంటరివారయ్యారు. 1974 బీహారు ఉద్యమం, 1975 జూన్ 26 తెల్లవారకముందే ఢిల్లీలో అరెస్టు, ఎమర్జెన్సీ, ఇవన్నీ అందరికీ తెలిసినవే. బందిపోట్ల తరఫున ఏ ప్రభుత్వం మాటను నమ్మి హామీ ఉన్నారో, ఆ ప్రభుత్వమే విచారణ లేకుండా ఆయన్ను నిర్బంధించింది. చండీగఢ్ ఆసుపత్రిలో ఖైదీగా ఉండగానే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నవంబర్‌లో వదిలిపెట్టాక మిగిలిన బతుకంతా డయాలిసిస్ మీదే.

చివరగా ఒక సంగతి. చంబల్ లొంగుబాట్లను తప్పుపట్టిన ఆ రుస్తంజీయే జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడిగా బీహారు జైళ్లు చూశారు. తమ మీద ఉన్న నేరానికి గరిష్ఠంగా పడే శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణే లేకుండా మగ్గిపోతున్న ఆడవాళ్లను, పిల్లలను, కూలీలను చూసి పత్రికలో రాశారు. ఆ వ్యాసాల ఆధారంగా కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. త్వరగా విచారణ జరగడం ప్రతి నిందితుడి ప్రాథమిక హక్కని 1979లో కోర్టు తేల్చింది. ఏడేళ్ల కింద జేపీ బందిపోట్ల కోసం అడిగి తీసుకున్న షరతు, ఆయన సొంత రాష్ట్రపు ఖైదీల వల్ల దేశంలో అందరికీ హక్కయింది. ఆయన అప్పటికి పాట్నాలో మంచం మీద ఉన్నారు. ఆ ఏడాది అక్టోబర్ 8న, 77 నిండడానికి మూడు రోజుల ముందు, కదంకువాలోని ఆ ఇంట్లోనే కన్నుమూశారు.